జీవకణము: గదిలోని ప్రాణము
(ముఖర్జీ నగరున జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమన్నచో పద్యపఠనము, ఏకపాత్రాభినయము, పిల్లల నృత్యములు మనకు పరిపాటి. ఈ యేడు విజ్ఞానశాస్త్ర ప్రసంగము కూడ ఒకటి ఉండవలెనని కార్యవర్గమువారు తీర్మానించిరి. సంఘములో వైద్యులు, ఇంజనీర్లు ఎందరో ఉండగా, చరిత్రయు రాజకీయశాస్త్రమును చదివి పట్టము పుచ్చుకొన్న నన్ను ఈ వేదికపై నిలువబెట్టిరి. ఫైలుపై నోటు వ్రాయుట కలవాటుపడినవాడు ఏ విషయముపైనైనను వ్రాయగలడని వారి నమ్మకము కాబోలు! తప్పులున్నచో తెలిసినవారు సవరింతురుగాక. తెలియనివారు నాతోపాటు తెలిసికొందురుగాక.

ఈ విషయమును నా చేత ఎన్నుకొనజేసినది మా అమ్మాయి. తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పుట్టుకయు పెంపకమును ఢిల్లీలోనే. ఒకనాటి సాయంకాలము పుస్తకము చేతబట్టుకొని వచ్చి, “నాన్నా! ఇంగ్లీషులో దీన్ని సెల్ అన్నారు. హిందీలో కోశిక అన్నారు. తెలుగులో ఏమంటారు?” అని అడిగినది. “కణము” అని చెప్పితిని. “అంటే?” అనెను. “సన్నని నలుసు, రేణువు, గింజ తునక” అంటిని. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, “సెల్ అంటే చిన్న గది. కోశిక అంటే చిన్న సంచీ లాంటిది. మనం నలుసు అంటున్నాం. ఒకటే వస్తువుకి మూడు పేర్లా? ఏది నిజం?” అని నిలదీసెను.

సెక్రటేరియటులో ఇరువది యేండ్లు పనిచేసినవానికి ‘సెల్’ అను మాట కొత్తది కాదు. విజిలెన్సు సెల్ కలదు. గ్రీవెన్సు సెల్ కలదు. జేబులో మ్రోగునది మరియొక సెల్. అయినను మా అమ్మాయి ప్రశ్నకు నా యొద్ద జవాబు లేకపోయెను. నేను సిగ్గుపడుటకు వేరొక కారణము కూడ ఉన్నది. కణమును గూర్చి నేను చదువని వాడను కాను. ఈ ముఖర్జీ నగరులోనే, మీలో పలువురకు తెలిసిన ఆ ఇరుకు సందులలోనే, దానిని కంఠస్థము చేసితిని.

ఇరువది యేండ్లకు పైబడిన మాట. పోటీపరీక్షలకు చదువుకొనుటకై ఇచ్చటికి వచ్చినప్పుడు, పశ్చిమ గోదావరినుండి వచ్చిన మరియొక యువకునితో కలిసి ఒక గదిలో ఉంటిని. రెండు మంచములు వేసినచో తలుపు పూర్తిగా తెరచుకొనని గది. కిటికీ తెరచినచో ఎదుటి మేడ గోడ. నా మిత్రుడు వృక్షశాస్త్రము చదివినవాడు. సామాన్యశాస్త్రపు పత్రముకొరకు నేను రాత్రులు ‘కణమునకు కేంద్రకము, శక్తికి మైటోకాండ్రియా’ అని వల్లె వేయుచుండగా, అతడు నవ్వి, “ఒరేయ్, ఎప్పుడైనా చూశావా దాన్ని?” అనెడివాడు. చూడలేదు. చూడవలెనని తోచనైన లేదు. ఒక మార్కు వచ్చు ప్రశ్నకు చూపుతో పని యేమి? మూడవ ప్రయత్నమున నేను గట్టెక్కితిని. అతడు నాలుగు ప్రయత్నములు చేసి, పెట్టె సర్దుకొని ఊరికి వెడలిపోయెను. నేడతడు తన ప్రాంతములోనే ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు.

మా అమ్మాయి అడిగిన రాత్రి అతనికే ఫోను చేసితిని. సంగతంతయు విని, “ఇంట్లో ఉల్లిపాయ ఉందా?” అని మాత్రము అడిగెను.

అతడు చెప్పినట్లే చేసితిమి. పిల్లలకై అమ్మెడి చిన్న సూక్ష్మదర్శిని నొకదానిని కొంటిని. ఉల్లిపాయను తరిగి, రేకు లోపలివైపున అంటియుండు పలుచని పొరను ఊడదీసి, నీటిబొట్టులో పరచి, దానిపై గాయములకు వాడు అయోడిను చుక్క నొకదానిని వేసితిమి. అద్దమునకు కన్ను ఆనించి చూతును గదా, ఇటుకలు పేర్చినట్లు వరుసలు, వరుసలు! ప్రతి ఇటుకలోను గోధుమవన్నె చుక్క యొకటి. నలువదిమూడేండ్ల వయసున జీవకణమును మొదటిసారి చూచితిని. మా అమ్మగారు కూడ కుర్చీలో ముందుకు వంగి చూచి, “తాటాకు చాప అల్లినట్టుంది నాయనా” అనిరి.

మిత్రులారా! ఆ చాప అల్లికను మానవుడు మొదట చూచిన కథ చాల ముచ్చటైనది.

1665వ సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు ‘మైక్రోగ్రాఫియా’ అను గ్రంథమును వెలువరించెను. అప్పటికి అతనికి ముప్పదియేండ్లు నిండలేదు. సీసా బిరడాలకు వాడు బెండును చాకుతో మిక్కిలి పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద నుంచగా, తేనెపట్టువలె గదులు గదులుగా కనబడెను. లాటిను భాషలో ‘సెల్లా’ అనగా చిన్న గది. ఆ గదులకు అతడు ‘సెల్’ అని పేరిడెను. ఒక ఘనపు అంగుళము బెండులో ఇట్టి గదులు 125 కోట్ల 97 లక్షల 12 వేలు పట్టునని లెక్క కూడ వేసెను. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున తేలినవారు 121 కోట్లు. అనగా దేశ ప్రజలకందరకు తలకొక గది చొప్పున పంచిపెట్టినను, అంగుళము బెండులో ఇంకను గదులు మిగిలియుండును!

అయితే హుక్ చూచినవి నిర్జీవపు గోడలు. బెండు చెట్టు బెరడునుండి తీసినది. దానిలోని ప్రాణము ఏనాడో పోయినది. పచ్చి మొక్కల గదులలో రసము నిండియుండుటను అతడు గమనింపకపోలేదు. కాని ఆ రసమే ముఖ్యమనియు, గోడ దాని ఆవరణము మాత్రమే అనియు అతనికి తోచలేదు. కాపురమున్నవాడు లేచిపోయిన ఇంటిని చూచి దానికే పేరు పెట్టినట్లయినది. ఆ పేరే నిలిచిపోయినది.

గదిలో కాపురమున్నవానిని చూచినది మనవంటి ఉద్యోగి! హాలెండు దేశములో డెల్ఫ్టు అను పట్టణమున ఆంటన్ వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడుండెను. 1632లో జన్మించెను. విశ్వవిద్యాలయ ముఖమెరుగడు. ఆనాటి పండితభాషయైన లాటిను రాదు. 1660లో పట్టణ పరిపాలకుల సభామందిరమును కనిపెట్టియుండు ఉద్యోగమొకటి అతనికి లభించినది. తీరికవేళల స్వయముగా కటకములను అరగదీసికొని, రెండు రేకుల నడుమ బిగించి, కంటికి దగ్గరగా పట్టుకొని చూచెడివాడు. నేటికి మిగిలియున్న అతని కటకములలో ఒకటి వస్తువును ఇంచుమించు 270 రెట్లు పెద్దదిగా చూపును.

మిరియములకు ఘాటు ఎందువలన వచ్చునో కనుగొనవలెనని అతనికొక కోరిక పుట్టెను. మిరియపు గింజకు ముళ్లున్నవేమో, అవి నాలుకకు గుచ్చుకొనునేమో అని అతని ఊహ. మిరియములు నీటిలో నానవేసి, కొన్ని వారముల తరువాత ఆ నీటిబొట్టును చూడగా ముళ్లు కనబడలేదు. లెక్కకు మిక్కిలియైన ప్రాణులు ఈదులాడుచు కనబడినవి! 1676లో ఈ సంగతులను లండనులోని రాయల్ సొసైటీకి తన భాషలోనే లేఖ వ్రాసి తెలిపెను. పండితులు నమ్మలేదు. పరీక్షించి చూడుడని హుక్‌గారికే పని అప్పగించిరి. 1677 నవంబరులో హుక్ స్వయముగా మిరియములు నానవేసి, సొసైటీ సభ్యుల ఎదుట ఆ ప్రాణులను చూపి, బట్టల వర్తకుడు చెప్పినది నిజమని ధ్రువపరచెను. మన వంటింటి మిరియాల చారు వెనుక ఇంత చరిత్ర ఉన్నదని నేనెరుగను.

చూచుట జరిగినది. అర్థము చేసికొనుటకు మరి నూరేబదియేండ్లకు పైగా పట్టినది. 1831లో స్కాట్లండు దేశీయుడైన రాబర్టు బ్రౌన్ ఆర్కిడు మొక్కల కణములను పరిశీలించుచు, ఒక్కొక్క కణములో ఒక మచ్చ తప్పక ఉండుటను గుర్తించి, దానికి ‘న్యూక్లియస్’ అని పేరిడెను. అదియే కేంద్రకము; మా ఉల్లిపొరలో కనబడిన గోధుమ చుక్క. 1838లో జర్మనీయందు ష్లైడెన్ అను నాతడు, మొక్కలన్నియు కణములతోనే నిర్మితములని చెప్పెను. ఈతడు మొదట న్యాయవాది. ఆ వృత్తి సాగక, జీవితముపై విరక్తి చెంది, తుదకు వృక్షశాస్త్రమున శాంతిని పొందినవాడు. ఒకనాడు ష్వాన్ అను మిత్రునితో కలిసి భోజనము చేయుచు తాను చూచిన కేంద్రకములను గూర్చి చెప్పుచుండగా, ష్వానునకు తాను జంతుశరీరమున చూచిన అట్టి చుక్కలు జ్ఞప్తికి వచ్చెనట! మరుసటి యేడు, 1839లో, జంతుశరీరములు కూడ కణనిర్మితములేయని ష్వాన్ ప్రకటించెను.

తోటకూర కాడయు దానిని తిను మనుజుడును ఒకే తీరున కట్టబడినవారని తేలుట సామాన్యమైన విషయము కాదు.

ఇక మిగిలినది ఒక్క ప్రశ్న. ఈ కణములు ఎచ్చటినుండి వచ్చును? ఏదో రసము గడ్డకట్టగా పుట్టునని ష్లైడెన్, ష్వాన్ ఇరువురును భావించిరి. అది పొరపాటు. కణము రెండుగా చీలుటవలననే కొత్త కణము పుట్టునని బెర్లినులో రెమాక్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలనల మూలమున చూపెను. 1855లో విర్కో అను వైద్యుడు ‘ప్రతి కణము మరియొక కణమునుండియే’ అను సూత్రముగా దానిని లోకమున వ్యాపింపజేసెను. దీపమునుండి దీపము వెలిగించినట్లు, ప్రాణము ఎచ్చటను తెగక, ఒక కణమునుండి మరియొక కణమునకు వచ్చుచున్నది. నేడీ సభలో కూర్చున్న ప్రతివాని దేహమును తల్లి కడుపున ఒకే కణముగా ఆరంభమైనది.

ఇప్పుడా దేహమున కణములెన్ని? నేటి అంచనా సుమారు 30 లక్షల కోట్లు. సంఖ్యలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఎర్ర రక్తకణములే. ఎర్రకణము ఆయువు సుమారు 120 దినములు. పోయినవాని స్థానమున సెకనుకు ఇంచుమించు 20 లక్షల కొత్త కణములు మన ఎముకల మూలుగలో తయారగుచున్నవి. నేనీ వాక్యము పూర్తిచేయునంతలో మీలో ఒక్కొక్కరికి కోటి కొత్త కణములు పుట్టియుండును.

కణము లోపలి వ్యవహారమును మన భాషలో చెప్పవలెనన్నచో, అదియొక చిన్న సెక్రటేరియటు. చుట్టును పలుచని పొర. గేటువద్ద పాసు చూచి లోనికి పంపు కావలివానివలె, వచ్చునదేదో పోవునదేదో అది నిర్ణయించును. నడుమ కేంద్రకము, అది రికార్డు గది. అందు డి.ఎన్.ఏ. అను మూల దస్త్రము భద్రముగా ఉండును. ఒక్క కణములోని ఆ దారమును సాగదీసినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. మూల దస్త్రము గది దాటి రాదు. కావలసిన పుటకు నకలు తీసి వెలుపలికి పంపుదురు. ఆ నకలును చదివి మాంసకృత్తులను తయారుచేయు కార్యశాలలు రైబోజోములు. శక్తిని సమకూర్చునవి మైటోకాండ్రియాలు.

శక్తి యను మాట రాగానే మన తెలుగువాని కథ రావలసియున్నది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పిరి. మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి వ్రాసి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించిరి. తుదకు వారికి లభించినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చటి ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా ఊడిగము చేయుచు హార్వర్డులో చదివిరి.

అచ్చట ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తమున, మూత్రమున ఉన్న భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని రూపొందించి, 1925లో ప్రకటించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర తరతరముల వైద్యవిద్యార్థులు దానిని చదివిరి. ఆ కొలతయే ఆయనకు తాళపుచెవి యైనది. కండరములో భాస్వరమును కొలుచుచుండగా, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము బయటపడినది. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడు కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను.

ఏ.టి.పి. అనగా నేమి? కార్యాలయముల భాషలో చెప్పెదను. ఖజానాలో ఎంత ధనమున్నను, టీకి, తపాలా బిళ్లకు, రిక్షాకు ఖజానానుండి బిల్లు పాసు కానక్కరలేదు. దానికై ఇంప్రెస్టు నగదు ఉండును. మనము తిను అన్నము, ఒంటికి పట్టిన కొవ్వు ఖజానా వంటివి. ఏ.టి.పి. చేతిలోని చిల్లర. దానికి మూడు భాస్వర గుంపులు తోకవలె ఉండును. చివరిది తెగినప్పుడు వెలువడు శక్తితో కండరము ముడుచుకొనును, నాడి సందేశము నందించును. తెగిన దానిని మరల అతికించుటయే మైటోకాండ్రియాల ముఖ్యమైన పని. పరుగు మొదలిడిన తొలి క్షణములలో చిల్లర అయిపోకుండ వెంటనే అందించు చేబదులు ఫాస్ఫోక్రియాటిన్. ఏ క్షణమునందైనను దేహములోనున్న ఏ.టి.పి. బహుస్వల్పము. అయినను తెగుచు, అతుకుచు, ఒక దినమున మారకమగు మొత్తము మన శరీరపు బరువుకు ఇంచుమించు సమానమని అంచనా. ఉల్లిపాయలోనైనను, ఏనుగులోనైనను, నా యందైనను చెల్లు నాణెము ఇదియే.

నేను ఒక మార్కుకొరకు వల్లె వేసిన ‘శక్తికి మైటోకాండ్రియా’ అను మాటకు అర్థము ఇది! దాని వెనుక భీమవరపు బిడ్డ యొకడున్నాడని నాడు నాకు తెలియదు.

హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ పరిశోధనశాలకు వెడలిరి. సుబ్బారావుగారి అన్న పురుషోత్తముగారు స్ప్రూ అను వ్యాధితో యౌవనముననే మరణించిరి. ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేక, రక్తము క్షీణించు వ్యాధి అది. ఇట్టి రక్తక్షీణతను గూర్చి మన దేశమున జరిగిన పరిశోధన యొకటి ఇచ్చట స్మరింపదగినది. 1928 మొదలుకొని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని బట్టలమిల్లు కూలి స్త్రీలను పరీక్షించి, గర్భిణులలో కలుగు తీవ్రమైన రక్తక్షీణతకు ఆహారలోపమే కారణమనియు, ఈస్టు సారముతో అది నయమగుననియు కనుగొనెను. ఆ లోపించిన వస్తువే ఫోలిక్ ఆమ్లము. ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి ఆ పేరు వచ్చినది. మన పాలకూర, తోటకూరలలో ఉన్నది అదియే. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసెను. అన్నను కబళించిన స్ప్రూ వ్యాధికి అది మందైనది.

కణము రెండుగా చీలుటకు ముందు డి.ఎన్.ఏ. దస్త్రమునకు పూర్తి నకలు తయారుకావలెను. దానికి ఫోలిక్ ఆమ్లము అవసరము. అది లేనిచో మూలుగలో కొత్త రక్తకణములు సరిగా తయారు కావు. మరి అదుపు తప్పి చీలుచుండు కణములను, అనగా క్యాన్సరు కణములను, ఆపవలెనన్నచో? ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పని చేయని నకిలీ తాళపుచెవిని అందించినచో చాలును. తాళములో దూరి, తిరుగక, ఇరుక్కొనును. అట్టి నకిలీ చెవులను కూడ సుబ్బారావుగారి బృందమే చేసినది. అందొకటి అమినోప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరుతో మరణోన్ముఖులైన పిల్లలకు దానినిచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలము గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధికి మందన్నది లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. వయసు 53. మాతృదేశమునకు తిరిగి రానేలేదు. గోదావరి జిల్లాలలో మనమెరిగిన బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజీన్ కూడ ఆయన పర్యవేక్షణలో వెలువడినదే. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్లను విడుదల చేసెను.

ఇచ్చట నా స్వవిషయమొకటి మనవి చేయుటకు అనుమతింపుడు. మా అమ్మగారు కొన్ని సంవత్సరములుగా తీవ్రమైన కీళ్లవాతముతో బాధపడుచున్నారు. వైద్యులు రెండు మాత్రలు వ్రాసిరి. ఒకటి వారమునకు ఒక్క దినము మాత్రమే. దినమూ వేసికొన్నచో ప్రాణాపాయమని మరి మరి హెచ్చరించిరి. రెండవది మరియొక దినమున. డబ్బాలపై పేర్లు వ్రాసి, తేదీలు గుర్తుపెట్టి ఇచ్చుట నా పని. ఉల్లిపొర చూచిన తరువాత, సుబ్బారావుగారిని గూర్చి చదువుచుండగా, ఆ పేర్లు ఎచ్చటనో చూచినట్లు తోచి, లేచి వెళ్లి డబ్బాలు తీసి చూచితిని. వారమునకొకమారు వేయునది మెథోట్రెక్సేటు. నేను చెప్పిన నకిలీ తాళపుచెవులలో అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. రెండవది ఫోలిక్ ఆమ్లము. మొదటిది కీళ్లలో శరీరరక్షక కణముల అతిచేష్టను అణచును. రెండవది మిగిలిన మంచి కణములకు దానివలన హాని తగ్గించును. రెండును ఆయన బృందపు కృషియే.

ఆ రాత్రి మా అమ్మగారికి ఈ సంగతి చెప్పితిని. ఆమెకు కణమనిన తెలియదు, అణువనిన తెలియదు. శ్రద్ధగా విని, “మన భీమవరం అబ్బాయా?” అని అడిగి, మాత్రను అరచేతిలో పెట్టుకొని కొంతసేపు చూచుచుండిరి. తరువాత, “వాళ్లమ్మ ఎంత ఎదురు చూసిందో” అనిరి. ఎన్ని గ్రంథములు చదివినను నాకా ఆలోచన రాలేదు.

తెలుగుదేశమున కణపరిశోధన ఆయనతో ఆగిపోలేదు. హైదరాబాదులో 1977 ఏప్రిల్ 1న, డాక్టరు పి.ఎం. భార్గవగారి నాయకత్వమున సి.సి.ఎం.బి. ఆరంభమైనది. కణములను, వానిలోని అణువులను పరిశోధించుటకే ఏర్పడిన జాతీయ సంస్థ అది. 1987 నవంబరు 26న జాతికి అంకితమైనది. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినప్పుడు నమూనాల పరీక్షయందు, ఆ వైరసు జన్యుక్రమమును చదువుటయందు పాటుపడిన సంస్థలలో అదియు ఒకటి. ఈసారి సెలవులకు ఊరు వెళ్లువారు, హబ్సిగూడమీదుగా పోవునప్పుడు మీ పిల్లలకు ఆ భవనమును చూపుడు.

ఇక ముగింతును. ఈ సభలో వెనుక వరుసలలో, పరీక్షలకు చదువుకొనుచున్న మన తెలుగు యువకులు కొందరు కూర్చుండిరి. భోజనము బాగుండునని విని వచ్చితిరని నాకు తెలియును. నేనును ఆ వయసున అట్లే వచ్చితిని. మీ గదులెంత ఉండునో నేనెరుగుదును. ప్రయత్నములు లెక్కపెట్టుకొను రాత్రులను ఎరుగుదును. మూడవమారు మెట్రిక్ గట్టెక్కినవాని పేరు మీకు చెప్పితిని. కష్టపడినచో మీరందరును నెగ్గుదురని చెప్పుట నా ఉద్దేశము కాదు. అది అబద్ధము. నా గదిలోని ఇరువురిలో ఒక్కడే నెగ్గెను. నెగ్గినవానికి కణమును చూచుట తెలియలేదు. ఊరికి తిరిగిపోయినవాడు ఏటేట పిల్లలకు ఉల్లిపొరను చూపుచున్నాడు. ఇద్దరిలో ఎవరి చదువు ఫలించినదని నన్నెవరైన అడిగినచో, ఫైలుపై ‘చర్చించవలెను’ అని వ్రాసి ఉన్నతాధికారికి పంపుదును తప్ప, జవాబు చెప్పజాలను. మీరు వల్లె వేయుచున్న పాఠములలో ఏదైన ఒక్కదానిని, మార్కుతో పనిలేకుండ, కంటితో చూడుడు. నా కోరిక అంతే.

మా అమ్మాయి ప్రశ్నకు బాకీ ఉన్నాను. మూడు పేర్లలో ఏది నిజము? వెలుపలినుండి చూచినవాడు గది అనెను. అతడు చూచినది గోడలు గనుక అదియు నిజమే. కోశమనగా సంచి మాత్రమే కాదు, బొక్కసము కూడ. శక్తిని దాచుకొనునది గనుక కోశిక యనుటయు నిజమే. ఇక మన కణమో? మా అమ్మాయితో అది నలుసని చెప్పితిని. మా అమ్మగారు ప్రక్కనుండి, “నిప్పుకణిక అంటాం కదా, అందులోని మాటేనా?” అని అడిగిరి. పొయ్యి రాజేసిన చేతులు గల ఆమెకు అది తోచినది. పట్టము పుచ్చుకొన్న నాకు తోచలేదు. అన్నము తిని, గాలి పీల్చి, లోలోపల ఆరక వెలుగుచుండు ఆ చిన్న వస్తువునకు ఇంతకంటె తగిన పేరు లేదని మా అమ్మాయి తేల్చి, తన నోటుపుస్తకములో మూడవ పేరును తెలుగు అక్షరములలో వ్రాసికొన్నది. అక్షరము వంకరగా ఉన్నది. ఒత్తు లేని మాట గనుక తప్పు మాత్రము పోలేదు.